పెద్దపేగు ఓర్పు, కణితి ఎత్తుగడ: కొలోరెక్టల్ క్యాన్సర్ ఇమ్యునోథెరపీ చరిత్రలో తెలుగు శాస్త్రవేత్తల పరిశోధన

వ్యాససంగ్రహం:
శరీర రోగనిరోధక వ్యవస్థను కణితిమీదికి మళ్లించే ఇమ్యునోథెరపీ కొన్ని రకాల క్యాన్సర్ల చికిత్సను మార్చివేసింది. పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లలో మాత్రం దాని ఫలితం కొద్దిమంది రోగులకే పరిమితమైంది. మిగిలినవారి కణితుల్లో రోగనిరోధక ప్రతిస్పందన అణగి ఉండటం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఈ అణచివేతను శాస్త్రజ్ఞులు ఏయే దశల్లో ఎలా అర్థం చేసుకున్నారో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. యల్లాప్రగడ సుబ్బారావు, రాజు కుచెర్లపాటి, కన్నెగంటి తిరుమలాదేవి పరిశోధనలు ఇందుకు ఆధారం. పేగులో కనిపించే అణచివేత అంతా కణితి కల్పించినది కాదనీ, అది చాలావరకు పేగు సహజధర్మమనీ, ఈ రెండింటినీ వేరుచేయడమే నేటి పరిశోధన ఎదుర్కొంటున్న అసలు సమస్య అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కొలోరెక్టల్ క్యాన్సర్, ఇమ్యునోథెరపీ, రోగనిరోధక అణచివేత, శోథ, పానాప్టోసిస్, తెలుగు శాస్త్రవేత్తలు, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

నెమలి ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలో, గంపలగూడెం మండలానికి చెందిన గ్రామం. అక్కడి వేణుగోపాలస్వామి ఆలయం వల్ల దాని పేరు ఇరుగుపొరుగు జిల్లాలకు పరిచితం. మండలం దాటితే ఖమ్మం జిల్లా వస్తుంది. ఇంకా ఉత్తరానికి పోతే బొగ్గుగనుల కొత్తగూడెం. రాష్ట్రాలు రెండైనా పత్తి, మిరప పండించే రైతుకు ఈ ప్రాంతమంతా ఒక్కటే. కొత్తగూడెంలో పుట్టిన ఒక పరిశోధకురాలు తొలినాళ్లలో ఎండుమిరపకాయల్లో చేరే బూజువిషాన్ని పసిగట్టే పద్ధతిమీద పనిచేశారు. తరువాత అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కూ రోగనిరోధక వ్యవస్థకూ ఉన్న సంబంధంపై ఎన్నదగిన ప్రయోగాలు చేశారు. ఆమె కన్నెగంటి తిరుమలాదేవి. ఆమెకంటే ముందు ఈ దారిలో నడిచిన తెలుగువారు ఇద్దరున్నారు. వారిని 'మనవారి ఘనత' వరుసలో నిలబెట్టి సన్మానించే వ్యాసాలు తెలుగులో తక్కువేమీ కాదు. వారి పరిశోధన ఏ ప్రశ్నకు సమాధానంగా పుట్టిందో చెప్పే వ్యాసాలు మాత్రం అరుదు. ఇక్కడ చేయబోయేది ఆ రెండో పని.

ముందుగా ఒక మాట గురించి చెప్పుకోవాలి. 'ఇమ్యూనిటీ'కి తెలుగు వ్యవహారంలో స్థిరపడిన పదం 'రోగనిరోధక శక్తి'. శక్తి అనగానే అది తక్కువైతే పెంచుకోవలసినది, ఎంత ఉంటే అంత మేలు చేసేది అన్న భావం స్ఫురిస్తుంది. కోవిడ్ కాలంలో కషాయాలూ చూర్ణాలూ అంతగా అమ్ముడుపోయింది ఈ స్ఫురణ బలంతోనే. పాఠ్యపుస్తకాల్లో కనిపించే 'అసంక్రామ్యత' అన్న పదం ఇంతకంటే జాగ్రత్తగా కూర్చినదే గాని, అదీ వ్యవస్థలోని ఒక పార్శ్వాన్నే చెబుతుంది. రోగనిరోధక వ్యవస్థకు ఎదిరించడం ఎంత పనో, ఎదిరించకుండా ఊరుకోవడం కూడా అంతే పని. ఈ రెండో పని పెద్దపేగులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఈ వ్యాసంలో దాన్ని 'ఓర్పు' అని వ్యవహరిస్తున్నాను.

2. కణితిని చంపే మందులు – సుబ్బారావు వారసత్వం:

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరారు. ఆయన నేతృత్వంలోని బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేయగలిగింది. ఆ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినాప్టెరిన్ కూడా అక్కడినుంచే వచ్చింది. దానితో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించి, 1948లో ఆ ఫలితాలను ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

పెద్దపేగు క్యాన్సర్‌తో దీనికి సంబంధం పరోక్షమే అయినా గట్టిది. 1957లో చార్లెస్ హైడెల్‌బెర్గర్ రూపొందించిన 5-ఫ్లోరోయురాసిల్ ఈ క్యాన్సర్‌కు దశాబ్దాలుగా ప్రధాన ఔషధం. దానికి తోడుగా ఇచ్చే ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లానికే ఒక రూపం. కణం డీఎన్‌ఏ తయారీకి అవసరమైన ఎంజైమును 5-ఫ్లోరోయురాసిల్ పట్టుకుంటే, ఆ పట్టు సడలకుండా చూసేది ల్యూకోవోరిన్. ఈనాటికీ కీమోథెరపీ వార్డులో ఎక్కించే మందుల్లో ఈ జంట ఉంటుంది.

ఈ వారసత్వానికి ఇంకో కొమ్మ ఉంది. అమినాప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వాడేందుకు అమెరికాలో 1988లో అనుమతి లభించింది. అక్కడ అది కొద్ది మోతాదులో చేసే పని, తన శరీరం మీదే తిరగబడిన రోగనిరోధక వ్యవస్థను అణచడం. క్యాన్సర్‌లో మనం తొలగించాలని చూస్తున్న అణచివేతే కీళ్లవాతంలో చికిత్స అవుతున్నది. అణచివేత స్వతహాగా శత్రువూ కాదు, మిత్రమూ కాదు అన్న ఈ విషయాన్ని పాఠకులు ముందుకు తీసుకురావలసి ఉంటుంది.

3. ఎలుకలు, ప్రతిరక్షకాలు, అచ్చుతప్పులు – రాజు కుచెర్లపాటి:

1943లో కాకినాడలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లిన రాజు కుచెర్లపాటి జన్యుశాస్త్రజ్ఞుడు. ఆలివర్ స్మిథీస్‌తో కలిసి మానవకణంలోని బీటా-గ్లోబిన్ జన్యువు వద్దకే గురిచూసి కొత్త డీఎన్‌ఏను చేర్చవచ్చని 1985లో నిరూపించారు. జన్యువులను ఇలా కోరిన చోట మార్చగల విద్య చేతికి రావడంతో, మానవ వ్యాధిని ఎలుకలో పునఃసృష్టించి పరిశీలించడం సాధ్యమైంది. కుచెర్లపాటి సహపరిశోధకులతో కలిసి ఏపీసీ జన్యువు దెబ్బతిన్న ఎలుకలను రూపొందించారు. వాటి పేగుల్లో కణితులు లేచాయి. ఆ తరువాత ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్6 వంటి జన్యువులు లోపించిన ఎలుకలు వచ్చాయి.

ఈ చివరి జన్యువులు మన కథలో కీలకం. కణం విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏ నకలులో దొర్లే అక్షరదోషాలను సరిచూసి దిద్దే ప్రోటీన్లను ఇవి తయారుచేస్తాయి. ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దేవారు లేకపోతే ఏమవుతుందో ఇవి లోపించిన కణంలోనూ అదే జరుగుతుంది. తప్పుమీద తప్పు పేరుకుని, వందలకొద్దీ వికృత ప్రోటీన్లు పుడతాయి. ఆ దశలో వాటిని క్యాన్సర్‌కు కారణంగానే చూశారు. అవే చికిత్సకు దారి చూపుతాయని 1990లలో ఊహించినవారు కొద్దిమందే.

కుచెర్లపాటి పేరు ముడిపడిన మరో విజయం పానిటుముమాబ్. మానవ ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసే ఎలుకను సృష్టించి, ఆ ఎలుక ద్వారా రూపొందించిన ఈ మందు 2006 సెప్టెంబరులో అమెరికాలో ముదిరిన కొలోరెక్టల్ క్యాన్సర్‌కు అనుమతి పొందింది. ఆయన వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆబ్జెనిక్స్ సంస్థ నుంచి వెలువడిన ఫలమిది. కేరాస్ జన్యువు మారిన రోగుల్లో మాత్రం ఇది పనిచేయదని 2008లో తేలింది. ఒకే పేరుతో పిలిచే వ్యాధిలో వేర్వేరు వ్యాధులు ఉన్నాయన్న ఎరుక అప్పటినుంచి బలపడింది. 2012లో 'నేచర్' ప్రచురించిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అధ్యయనం 276 నమూనాలను పరిశీలించి, వాటిలో 16 శాతం కణితుల్లో ఉత్పరివర్తనాలు విపరీతంగా ఉన్నాయని లెక్కగట్టింది. ఆ అధ్యయనాన్ని నడిపినవారిలో కుచెర్లపాటి ఒకరు. ఆ 16 శాతానికీ మిగిలిన 84 శాతానికీ మధ్య గీత ఎంత లోతైనదో మూడేళ్లలోనే బయటపడింది.

4. కళ్లెం విప్పిన చికిత్స, దానికి లొంగని కణితి:

టీ-కణాల ఉపరితలం మీద వాటి దూకుడును ఆపే కళ్లేలు ఉంటాయి. సీటీఎల్‌ఏ-4, పీడీ-1 అనేవి వాటిలో ప్రసిద్ధమైనవి. వాటిపై చేసిన పరిశోధనకే జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. కళ్లెం విప్పితే టీ-కణం కణితిని వేటాడుతుందన్నది సూత్రం. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో అది ఫలించింది. పెద్దపేగు వద్దకు వచ్చేసరికి బెడిసికొట్టింది. 2012లో ప్రకటించిన తొలిదశ పరీక్షలో పీడీ-1 నిరోధకం పొందిన 19 మంది కొలోరెక్టల్ రోగుల్లో ఒక్కరికీ కణితి తగ్గలేదు.

అయితే అంతకుముందు 2010లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో ఒకే ఒక్క కొలోరెక్టల్ రోగికి కణితి పూర్తిగా మాయమైంది. ఇలాంటి ఫలితాన్ని యాదృచ్ఛికమని వదిలేసే అలవాటు వైద్యశాస్త్రంలో ఉన్నదే. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు వదల్లేదు. ఆ రోగి కణితిలో దిద్దుబాటు జన్యువుల లోపం ఉందని గుర్తించి, ఆ లోపమున్నవారినీ లేనివారినీ వేరుచేసి పరీక్షించారు. 2015లో వెలువడిన ఫలితాల్లో, లోపమున్న 10 మంది కొలోరెక్టల్ రోగుల్లో నలుగురికి కణితి తగ్గింది. లోపం లేని 18 మందిలో ఒక్కరికీ తగ్గలేదు. అచ్చుతప్పులు పేరుకున్న కణితిని టీ-కణాలు పరాయిదిగా గుర్తుపట్టగలవు. చక్కగా దిద్దిన ప్రతిలాంటి కణితిని గుర్తుపట్టలేవు. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రం ఈ లోపమున్న పురీషనాళ క్యాన్సర్ రోగులకు డోస్టార్లిమాబ్ ఒక్కటే ఇచ్చింది. అప్పటికి చికిత్స పూర్తిచేసుకున్న 12 మందిలోనూ కణితి కనిపించకుండా పోయింది.

పత్రికలు ఈ వార్తను 'క్యాన్సర్‌కు మందు దొరికింది' అన్నంతగా రాశాయి. వ్యాధి ఇతర అవయవాలకు పాకిన దశలో ఈ లోపం కనిపించేది నూటికి సుమారు ఐదుగురిలోనే. మిగిలిన 95 మంది ప్రశ్న అలాగే ఉండిపోయింది. వారి కణితులను శాస్త్రజ్ఞులు 'చల్లని' కణితులు అంటారు. టీ-కణాలు వాటి లోపలికి చేరవు. చేరినా అంచుల్లోనే ఆగిపోతాయి. ఈ చేరడం, చేరకపోవడం రోగి భవిష్యత్తును ఎంతగా నిర్ణయిస్తుందో పారిస్‌లో జెరోమ్ గాలోన్ బృందం 2006లోనే కొలోరెక్టల్ కణితుల మీద చూపించింది. ఇమ్యునోథెరపీ విఫలమైన ఈ అవయవంలోనే రోగనిరోధక కణాల విలువ అంత స్పష్టంగా తేలడం ఈ చరిత్రలోని విచిత్రం.

5. పేగు ఎందుకు ఓర్చుకుంటుంది?

పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. ఒకే వరుసగా పేర్చిన ఉపకళా కణాలూ, వాటిమీద జిగురుపొరా మాత్రమే వాటికీ శరీరానికీ మధ్య గోడ. ఇవతల శరీరంలోని రోగనిరోధక కణాల్లో పెద్దభాగం మోహరించి ఉంటుంది. రోజూ తినే తిండిమీదా, అవతలి సూక్ష్మజీవులమీదా ఆ కణాలన్నీ విరుచుకుపడితే మనిషి బతకడు. అందుకే ఇక్కడ ఓర్పు తప్పనిసరి. ఆ ఓర్పును కాపాడే నియంత్రక టీ-కణాల మీది పరిశోధనకే షిమోన్ సకగుచి, మేరీ బ్రంకౌ, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు 2025 నోబెల్ బహుమతి లభించింది. ఈ కణాలకు ఆధారమైన ఫాక్స్‌పీ3 జన్యువు దెబ్బతిని పుట్టిన మగశిశువుల్లో ముందుగా బయటపడే లక్షణాల్లో ఒకటి తీవ్రమైన విరేచనాలు. సీటీఎల్‌ఏ-4 కళ్లెం విప్పే ఇపిలిముమాబ్ తీసుకున్నవారికి వచ్చే ప్రధాన ఇక్కట్లలోనూ పెద్దపేగు శోథ ఉంది. కళ్లెం విప్పితే గుర్రం మొదట తొక్కేది ఈ పొలాన్నే.

ఇంకొక చిక్కు కూడా ఉంది. నియంత్రక టీ-కణాలు ఎక్కువగా ఉంటే చాలా క్యాన్సర్లలో రోగి పరిస్థితి విషమిస్తుంది. కొలోరెక్టల్ కణితుల్లో అవి ఎక్కువగా ఉన్న రోగులు మెరుగ్గా ఉన్నారని 2009లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. ఆ గుర్తుతో కనిపించే కణాలన్నీ ఒకటి కావనీ, వాటిలో అణచేవీ అణచనివీ రెండు తెగలున్నాయనీ 2016లో సకగుచి బృందం వివరించింది. పేగులోని శోథ తగ్గడం కూడా కొంత మేలుచేసి ఉండవచ్చునన్నది ఇంకొక వివరణ. రెండింటిలో ఏది ఎంత నిజమైనా, 'అణచివేతను తొలగిద్దాం' అన్న సూటి నినాదం పెద్దపేగుకు సరిపడదని మాత్రం తేలిపోయింది.

6. కొత్తగూడెం నుంచి మెంఫిస్‌కు – కన్నెగంటి తిరుమలాదేవి:

తిరుమలాదేవి కొత్తగూడెంలోని సింగరేణి కాలరీస్ మహిళా కళాశాలలో డిగ్రీ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. ఆమె తొలి పరిశోధన మొక్కల తెగుళ్లమీద, బూజులు విడుదలచేసే విషాలమీద. ఓక్రాటాక్సిన్ అనే బూజువిషాన్ని గుర్తించే ప్రతిరక్షకాలను తయారుచేసి, ఎండుమిరపకాయల్లో దాని ఉనికిని పరీక్షించిన ఆమె పత్రం 2000లో వెలువడింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయ తడిస్తే ఏమవుతుందో ఎరిగిన తిరువూరు, ఖమ్మం రైతుకు ఈ అంశం విడమరిచి చెప్పనక్కరలేదు. జీవులు శత్రువును ఎలా పసిగడతాయన్న ప్రశ్నను ఆమె మొక్కల నుంచి జంతువులకు తీసుకుపోయారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే పసిగట్టే ప్రోటీను మీద 2006లో 'నేచర్'లో ప్రచురించిన పత్రం ఆమెకు గుర్తింపు తెచ్చింది. 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో సొంత ప్రయోగశాల నెలకొల్పారు.

ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఉత్తేజితమైతే శోథ పుడుతుంది. కాబట్టి అది లేని ఎలుకల పేగు సుఖంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. 2010లో ఆమె బృందం చూసింది ఇందుకు భిన్నం. ఆ ఎలుకల పేగుగోడ ఎక్కువగా దెబ్బతింది, కణితులూ పెరిగాయి. కారణం ఐఎల్-18 అనే సంకేతపదార్థం కొరవడటం. శోథను రేపే ఈ పదార్థమే గాయపడిన ఉపకళ మాన్పుకూ అవసరం. అదే సంవత్సరం మరో బృందం ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 లేని ఎలుకలకు పేగుశోథ తక్కువగా వచ్చిందని ప్రకటించింది. ఈ వైరుధ్యానికి రెండు ప్రయోగశాలల ఎలుకల్లోని సూక్ష్మజీవుల తేడా ఒక కారణం కావచ్చునన్న అభిప్రాయం ఉంది. ఈ వాదాన్ని మరుగుపరచి ఒకవైపు ఫలితాన్నే చెప్పడం చరిత్ర రాసేవారికి తగదు.

ఆపైన వచ్చిన పత్రాలు ఒకదాన్నొకటి బలపరిచాయి. ఎన్‌ఎల్‌ఆర్‌పీ12 పేగుశోథనూ కణితులనూ అదుపులో ఉంచుతుందని 2011లో. ఏఐఎం2 అనే డీఎన్‌ఏ పసిగట్టే ప్రోటీను పేగు మూలకణాలు హద్దుమీరి పెరగకుండా కాస్తుందని 2015లో. ఎన్‌ఎల్‌ఆర్‌సీ3 కణం పెరుగుదలను ప్రేరేపించే మార్గాన్ని అడ్డుకుంటుందని 2016లో ప్రకటించారు. వీటిలో 2015 నాటి పత్రం ప్రత్యేకంగా చెప్పదగ్గది. ఏఐఎం2 లేని ఎలుకలకూ ఆరోగ్యకరమైన ఎలుకలకూ మధ్య పేగు సూక్ష్మజీవులు మారేలా చేస్తే, జన్యులోపం అలాగే ఉన్నా కణితుల భారం తగ్గింది. లోపం జన్యువులోదే, దాని పర్యవసానంలో మాత్రం సూక్ష్మజీవులకూ వాటా ఉంది.

ఈ పరిశోధనలన్నీ ఒక ఇబ్బందికరమైన సత్యాన్ని ముందుంచాయి. శోథను అణచే ప్రోటీను లోపిస్తే క్యాన్సర్ పెరుగుతుంది. అంటే కణితి పుట్టకముందు పేగుకు అణచివేత రక్ష. కణితి పుట్టి పెరిగాక అదే అణచివేత కణితికి కవచం. మధ్యలో ఎక్కడో రక్ష కవచంగా మారుతుంది. ఆ మారే చోటు ఎక్కడ?

2019లో ఆమె బృందం 'పానాప్టోసిస్' అన్న భావనను ప్రతిపాదించింది. కణం చనిపోయే మూడు పద్ధతులను (పైరాప్టోసిస్, ఎపాప్టోసిస్, నెక్రాప్టోసిస్) అంతకుముందు విడివిడిగా చదివేవారు. అవి ఒకే సమూహంగా, ఒకదానికొకటి ముడిపడి నడవగలవన్నది వీరి వాదం. ఇందులో ఎపాప్టోసిస్ సాధారణంగా సద్దుచేయని చావు. మిగిలిన రెండింటిలో కణం పగిలి, తన లోపలి పదార్థాలను వెదజల్లి, చుట్టుపక్కల రోగనిరోధక కణాలను మేల్కొలుపుతుంది. ఐఆర్‌ఎఫ్1 లోపించిన ఎలుకల పేగులో ఈ చావు తగ్గి కణితులు పెరిగాయని 2020లో చూపారు. 2021లో అసలు తాళం కనిపించింది. ఏడీఏఆర్1 అనే ప్రోటీను, చావును మొదలుపెట్టే జెడ్‌బీపీ1ను అడ్డుకుంటున్నది. మాక్రోఫేజుల వంటి కణాల్లో ఏడీఏఆర్1ను తొలగించిన ఎలుకలు పెద్దపేగు కణితులనూ మెలనోమానూ తట్టుకున్నాయి. ఇంటర్‌ఫెరాన్‌తో పాటు, కణకేంద్రకం నుంచి ప్రోటీన్లు వెలుపలికి పోకుండా ఆపే మందును ఇచ్చినప్పుడు ఎలుకల్లో మెలనోమా కణితులు తగ్గాయి.

ఇక్కడ వ్యూహం మారిందని నా అభిప్రాయం. పీడీ-1 నిరోధకాలు టీ-కణం కళ్లెం విప్పి కణితిమీదికి పంపుతాయి; చల్లని కణితి వద్దకు టీ-కణమే రాకపోతే విప్పి ప్రయోజనం లేదు. పానాప్టోసిస్ మార్గంలో అలికిడి కణితి పరిసరాల్లోనే పుడుతుంది. అయితే ఇది ఎలుకల్లో చూసిన ఫలితం. మందుల జంటను పరీక్షించినది మెలనోమాలోనే గాని పేగు కణితిలో కాదు. పైగా పేగులో కణాలు పగిలితే శోథ రేగుతుంది. శోథే ఈ క్యాన్సర్‌కు ఒక మూలమని అదే ప్రయోగశాల పదేళ్లపాటు చూపుతూ వచ్చింది.

7. మనుషుల్లో జరిగిన ప్రయత్నాలు:

అణచివేతను ఇతర దారుల్లో ఛేదించే యత్నాలు కూడా సాగాయి. టీజీఎఫ్-బీటా అనే పదార్థం టీ-కణాలను కణితి బయటే నిలిపివేస్తుందనీ, దాన్ని అడ్డుకుంటే ఎలుకల్లో చల్లని కొలోరెక్టల్ కణితులు కూడా రోగనిరోధక దాడికి లొంగుతాయనీ 2018లో బార్సిలోనా పరిశోధకులు చూపారు. 2019లో ఫలితాలు వెలువడిన ఐఎంబ్లేజ్370 పరీక్షలో 363 మంది ముదిరిన కొలోరెక్టల్ రోగులు పాల్గొన్నారు. అటెజోలిజుమాబ్‌కు కోబిమెటినిబ్ జతచేస్తే టీ-కణాలు కణితిలోకి చేరతాయని ఆశించారు. పాత మందు రెగోరాఫెనిబ్ కంటే రోగుల ఆయుష్షు పెరగలేదు. ఎలుకలోని ఆశకూ మనిషిలోని ఫలితానికీ ఉన్న దూరం ఇది.

ఆ దూరం ఎప్పుడూ ఒకేలా ఉండదని నెదర్లాండ్స్‌లో జరిగిన నిచె పరీక్ష చెబుతుంది. ఇంకా ఇతర అవయవాలకు పాకని పెద్దపేగు క్యాన్సర్ రోగులకు శస్త్రచికిత్సకు ముందే రెండు కళ్లేలనూ విప్పే మందులు ఇచ్చారు. 2020 నాటి ఫలితాల్లో దిద్దుబాటు లోపమున్న 20 మందిలోనూ కణితి స్పందించింది. లోపం లేనివారిలో 15 మందికి గాను నలుగురిలో స్పందించింది. ముదిరిన దశలో సున్నాగా ఉన్న సంఖ్య తొలిదశలో నాలుగు కావడం చిన్న విషయం కాదు. రక్ష కవచంగా మారే చోటు వ్యాధి కాలక్రమంలో ఎక్కడో ఉందని ఇది సూచిస్తున్నది.

ఈ చరిత్రకు నెమలి వంటి ఊళ్లతో ఉన్న తక్షణ సంబంధం మిరపకాయకంటే దగ్గరిది. అక్కడినుంచి ఖమ్మానికో విజయవాడకో వెళ్లే రోగి కణితిలోంచి తీసిన ముక్కను మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రోటీన్లకు రంగుపరీక్ష చేస్తే, ఆ రోగి నూటికి ఐదుగురిలోనా, మిగిలిన 95 మందిలోనా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఐదుగురిలో ఒకరైతే ఇమ్యునోథెరపీని ఆలోచించవచ్చు. అప్పుడు ఎదురయ్యే తొలి అడ్డంకి మందు ధర. కానివారికి ఇప్పటికీ మొదట ఇచ్చే చికిత్సలో ప్రధానం కీమోథెరపీయే. 5-ఫ్లోరోయురాసిల్, దాని వెంట ల్యూకోవోరిన్. కేరాస్ కుటుంబ జన్యువులు మారకుండా ఉంటే, కణితి ఎడమవైపు పేగులో మొదలైనదైతే, తోడుగా పానిటుముమాబ్ వంటి ప్రతిరక్షకం. ఆ దిమ్మమీద ఈ పరీక్షలు చేయించారా లేదా అని నివేదికలో వెతకవలసిన వరుసలు రెండే.